పెద్దత్త నిలబడే చోటు

పాలాయన కొట్టంలో మూడు ఆవులుండేవి. ముసలిదాన్ని ఇంటిల్లిపాదీ పెద్దత్త అనేవాళ్లు. పాలివ్వడం ఎప్పుడో మానేసినా పెత్తనం మాత్రం దానిదే. తొట్టిలో ముందు అది మూతి పెట్టాలి, తర్వాతే మిగతావి. రెండోది కొమ్ములది, ఒట్టి గయ్యాళి. మూడోది చూడి ఆవు. తన నీడకు తనే జడిసే రకం. అది పెద్దత్త డొక్కకు ఆనుకుని నీళ్లు తాగేది. పెద్దత్త పక్కనుంటే కొమ్ములది కిక్కురుమనేది కాదు.

ఎండలు ముదరకముందే పాలాయన పెద్దత్తను బామ్మర్దికి తోలేశాడు. పాలివ్వని దానికి మేత దండగనుకున్నాడు. పశువు పోయినా గంట ఇంటిదేనని వాళ్లింటి పద్ధతి. అందుకని మెడలో గంట విప్పి మేకుకు తగిలించాడు. భార్య వద్దంటూనే ఉంది.

"అది తినేది గడ్డి కాదయ్యా, ఈ కొట్టం కాపలాకి జీతం," అంది. పాలాయన నవ్వేశాడు.

ఇప్పుడు రేకుల కింద నిలబడితే మాడు పగిలిపోతోంది. కొమ్ములది తొట్టికి అడ్డంగా నిలబడి ఎవరినీ రానివ్వదు. చూడి ఆవు గోడవారగా నాలుక వేలాడేసి రొప్పుతోంది. నిన్నటినుంచి చుక్క ముట్టలేదు.

పాలాయన కొమ్ములదాన్ని బయట కట్టేశాడు. అయినా చూడి ఆవు గోడ వదల్లేదు. బకెట్ మూతి కింద పెడితే ఊది, తల తిప్పుకుంది. ఉప్పు వేశాడు, తవుడు కలిపాడు. నీళ్లు కాగిపోయాయేమోనని తొట్టి ఒంపేసి చల్లటివి పట్టాడు. వీపు మీద తడి గోనెలు కప్పాడు. చివరికి బెల్లం నీళ్లు కలిపినా ముట్టలేదు. అవి బయటున్న కొమ్ములదాని ముందు పెడితే, అది తాగి మూతి నాక్కుంది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, మెడ దగ్గర తోలు పట్టి లాగి వదలమన్నాడు. లాగి వదిలాడు. మడత మడతలాగే ఉండిపోయింది. ఆ మాట చెప్పేసరికి డాక్టరు గొంతు మారింది. తాను సాయంత్రానికి గానీ రాలేనన్నాడు. గొంతులో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ పని చెయ్యొద్దన్నాడు. ఆలస్యమైతే కడుపులో దూడకూ ముప్పేనన్నాడు.

"మరి తాగేలా ఎట్లా చెయ్యను సారూ?"

"దానికి అలవాటైంది ఏదైనా ఉంటే చూడండి. అది మీకే తెలుస్తుంది."

అలవాటైంది ఏమిటో పాలాయనకు తెలుసు. వెంటనే బామ్మర్దికి ఫోన్ చేసి పెద్దత్తను తోలుకొస్తానన్నాడు.

"నేను మాత్రం దాన్ని ఊరికే మేపనా బావా? సంతలో అమ్మేశా. కొన్నవాళ్లు ఎవరో, ఎటు తోలుకెళ్లారో నాకేం తెలుసు?"

పాలాయన తొట్టి పక్కన కూలబడ్డాడు. భార్య దెప్పలేదు. మేకునున్న గంట తీసి అతని చేతిలో పెట్టింది.

పెద్దత్త నిలబడే చోట నిలబడి, నడుం వంచి గంట ఆడించాడు. చూడి ఆవు చెవులు లేచాయి. గోడ వదిలింది. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, అతని తొడకు డొక్క ఆనించి, నీళ్లమీదికి మూతి దించింది.

అది తలెత్తి చూసింది. పక్కనున్నది మనిషి.

"తాగమ్మా, నేనున్నాగా," అన్నాడు.

వెనక్కి పోలేదు, తాగనూ లేదు. మూతి మళ్లీ నీళ్లమీదికి దించింది గానీ, కళ్లు మాత్రం గేటు వైపే ఉన్నాయి.

"ఆపకయ్యా," అంది భార్య మెల్లగా.

చెయ్యి మార్చుకుని గంట ఆడిస్తూనే ఉన్నాడు. ఆవు రొప్పుకు నీళ్ల మీద చిన్న చిన్న అలలు లేచి, తొట్టి అంచుకు తగిలి పోతున్నాయి. గేట్లోంచి వడగాలి తప్ప ఎవరూ రావడం లేదు.