కుడికి లాగే కొత్త బండి

మా కొత్త మంచుబండి సోమవారం మధ్యాహ్నం మా అలాస్కా పట్నం కోట్‌జెబ్యూ నుంచి సరుకుల విమానంలో దిగింది. రాత్రి భోజనాల వేళకి అది కుడికి లాగుతోందని ఊరంతటికీ తెలిసింది. తెలియజేసింది నేనే. సాయంత్రం ప్రార్థన కూటంలో లేచి నిలబడి, ఫ్యాక్టరీవాళ్లు నాకు వంకర బండి అంటగట్టారనీ, దాని కోసం అందరూ ప్రార్థించాలనీ కోరాను. మా సంఘపెద్ద ఆల్విన్ తాత మంచి మనిషి. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బండిని పాడుచేసిన చేతులను నువ్వే సరిదిద్దు" అని ప్రార్థించాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది కూడా నేనే.

ఆ వారం నా మీద ఒక బాధ్యత ఉంది. శుక్రవారం నుంచి మా చర్చిలో మూడు రోజుల కూటాలు. సరస్సు అవతలి ఊళ్లవాళ్లు బండ్లకు స్లెడ్జీలు కట్టుకుని పిల్లాజెల్లాతో వస్తారు. వాళ్ల కోసం గడ్డకట్టిన సరస్సు మీద పొడవునా దారి కర్రలు పాతాలి. గాలి లేచి కళ్ల ముందు ఏమీ కనబడనప్పుడు మనిషి ఆ కర్రలనే నమ్ముకుని వస్తాడు. మా పెద్దమ్మాయి మర్నా అవతలి ఊరి కోడలు. నాలుగు నెలల పిల్లను కోటులో వేసుకుని ఆమె రావలసింది కూడా ఆ దారినే.

ఇన్నేళ్లూ కర్రలు పాతింది మా మేనమామ కొడుకు ఎల్వుడ్. ఈ ఏడాది పెద్దలు ఆ పని నాకిచ్చారు. కొత్త బండి వస్తోందని ఇచ్చారు. నా భక్తి చూసి ఇచ్చారని నేను అనుకున్నాను.

మాలో మేనమామ మేనత్త పిల్లలు ఒకరినొకరు చచ్చేదాకా ఎగతాళి చేసుకోవచ్చు, కోపం తెచ్చుకోకూడదు. ఈ హక్కును ఎల్వుడ్ ఒక్క రోజు కూడా వృథా చేయలేదు. కానీ బండ్ల విషయంలో వాడిది డాక్టరు చెయ్యి. మంగళవారం పొద్దున్నే వచ్చి, హ్యాండిల్ కదలకుండా కట్టేసి, చక్రాల బదులు ముందుండే రెండు స్కీల ముక్కులకు రబ్బరు తాడు బిగించాడు, కీళ్లలో ఉన్న వదులు పోవాలని. బండిని తోసే వెనక బెల్టు పక్కన పొడవాటి తిన్నని పలక ఆనించి, దాని నుంచి స్కీ ముందెంత దూరం, వెనకెంత దూరం అని కొలిచాడు. కుడిది సరిగ్గానే ఉంది. ఎడమ స్కీ ముక్కు బొటనవేలంత లోపలికి తిరిగి ఉంది.

చుట్టూ చేరినవాళ్లు తలా ఒక జబ్బు పేరు చెప్పారు. షాకబ్జర్లు సమానంగా లేవని ఒకరు, విమానంలో దీని మీద బియ్యం బస్తాలు వేసి ఉంటారని ఇంకొకరు. ఎల్వుడ్ ఎవరి మాటా పట్టించుకోలేదు. మోకాళ్ల మీద నుంచే నా వైపు తలెత్తాడు.

"బావా, దీన్ని దేనికైనా గుద్దావా?"

"కొత్త బండి. నిన్ననేగా దిగింది" అన్నాను.

రెండు మాటలూ నిజమే. అడిగినదానికి జవాబు మాత్రం అందులో లేదు. అసలు జరిగింది ఇది. సోమవారం బండి ఇంటికి రాగానే, కిటికీలోంచి నా భార్య లియోనా చూస్తోందని, ఇంటి వెనక ఒక చుట్టు వేగంగా తిప్పాను. మంచు కింద ఏదో టక్కుమంది. దిగి చూస్తే మా నీలం డ్రమ్ము. తాగేనీళ్ల కోసం ఐసు ముక్కలు నింపి పెట్టుకునే డ్రమ్ము అది. మంచు పడకముందే దాన్ని లోపల పెట్టమని లియోనా మూడుసార్లు చెప్పింది. కిటికీ వైపు చూశాను. ఆమె అక్కడ లేదు. కాలితో నాలుగు తోపులు మంచు తోసి డ్రమ్మును మళ్లీ కప్పేశాను. పెళ్లాం దగ్గర దాచిన డ్రమ్మును ఊరందరి ముందూ ఎలా తవ్వను?

ఎల్వుడ్ స్కీని హ్యాండిల్‌కు కలిపే ఎడమ టై రాడ్డును తిప్పి స్కీని కొలతకు తెచ్చాడు. తెచ్చాక కూడా లేవలేదు. "కొలత కుదిరింది గానీ నాకు కుదరలేదు. టై రాడ్డు దానంతటది మారదు. రేపు వలలు చూసి వస్తాను, గురువారం విప్పి చూద్దాం. అందాకా దీంతో కర్రలు పాతకు" అన్నాడు.

బుధవారం నేను కర్రలు పాతడానికి వెళ్లాను. గురువారం దాకా ఆగితే పని మళ్లీ వాడికే పోతుందని భయం.

ఆ రోజు ఆకాశమూ మంచూ ఒకటే తెలుపు. మామూలుగా అయితే వెనక్కి తిరిగి, పాతిన కర్రలు ఒకదాని వెనక ఒకటి దాగుతున్నాయో లేదో చూసుకోవాలి. ఆ రోజు ఒక్క కర్ర తప్ప రెండోది కనబడలేదు. అయితేనేం, హ్యాండిల్ నేరుగా పట్టుకున్నాను, బండి కొత్తది, పని దేవుడిది. ఐసుకు రంధ్రం తొలిచి, కర్ర నిలబెట్టి, నీళ్లు పోసి, అది బిగుసుకునేలోగా ఒక కీర్తన పాడి ముందుకు కదిలాను. నలభై కర్రలు, నలభై కీర్తనలు.

గురువారం ఆకాశం తేటగా విచ్చింది. టీ తాగుతుంటే ఎల్వుడ్ వచ్చి నన్ను ఒడ్డు మీదికి తీసుకెళ్లాడు. నా కర్రలన్నీ ఎండలో స్పష్టంగా కనబడుతున్నాయి. మొదటి తొమ్మిది తిన్నగా ఉన్నాయి. పదో కర్ర నుంచి వరస కుడికి ఒరుగుతూ, చివరికి ఏరు సరస్సులో కలిసే చోటికి పోతోంది. అక్కడ అడుగున నీటి వడి ఉంటుంది. చలి ఎంత ముదిరినా ఐసు పలచనే.

"బావా, ఈ దారి మనుషులకు వేశావా, చేపలకా?"

నాకు నవ్వు రాలేదు. వాడూ నవ్వలేదు. మర్నా రేపు మధ్యాహ్నం బయలుదేరుతుంది. గాలి లేస్తే ఆ కర్రలనే నమ్ముతుంది, నాన్న పాతినవి కదా.

"డ్రమ్మును గుద్దాను. ఇంటి వెనక. సోమవారం" అన్నాను.

వాడు తిట్టలేదు. ఏ వైపు, ఎంత వేగం అని అడిగి, నేరుగా మా ఇంటికొచ్చి బండిని పక్కకు పడుకోబెట్టాడు. ఎడమ స్కీని మోసే కింది ఇనుప చేతి వెనక వేలు పెట్టి తడిమాడు. నన్నూ పెట్టమన్నాడు. పైకి కనబడని చోట ఒక సొట్ట, దాని పక్కన గోరంత నీలం రంగు. ఖాళీ బండిని కొలిస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. మనిషీ బరువూ ఎక్కితే ఆ సొట్ట దగ్గర చెయ్యి వంగి స్కీ మళ్లీ లోపలికి తిరుగుతుంది.

"ఈ మాట మంగళవారమే చెప్పి ఉంటే దీన్ని కనిపెట్టడం నాకు రెండు నిమిషాల పని" అన్నాడు.

కొత్త చెయ్యి విమానంలో రావడానికి వారం పడుతుంది. అందుకని ఎల్వుడ్ పాత బండి తీశాం. క్షయ పట్టినట్టు దగ్గుతుందని దాన్ని నేను చర్చి గుమ్మం దగ్గర నిలబడి వెక్కిరించిన రోజులున్నాయి. ఆ రోజు అది దగ్గుతూనే గీత గీసినట్టు పోయింది. ముప్పై ఒక్క కర్రలను గునపంతో పొడిచి తీయాలి. నీళ్లు పోసి బిగించడంలో నాకు మంచి చెయ్యి ఉందని అప్పుడే తెలిసింది. ఊడిరాని వాటిని జానెడు మొద్దు మిగిలేట్టు నరికేశాం. సాయంత్రందాకా, మళ్లీ శుక్రవారం పొద్దున్నే లేచి, కొత్త వరస అవతలి ఒడ్డుదాకా పాతాం. మూడు కర్రలకొకసారి ఎల్వుడ్ నన్ను వెనక్కి తిరిగి చూడమన్నాడు. కీర్తనలు పాడనివ్వలేదు.

మధ్యాహ్నం మూడింటికి గాలి లేచింది. ఒడ్డు మీద లియోనా పక్కన నిలబడి, ఆ తెలుపులోకి చూస్తూ ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. బండిని సరిచేయమని దేవుణ్ణి అడిగింది నేనే. ఏం జరిగిందో ఆయనకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆయనకు తెలుసు. తెలిసి కూడా సోమవారం నుంచి ఊరుకున్నాడంటే, నేను నోరు విప్పేదాకా ఆగాడా, లేక బండ్ల సంగతి ఎల్వుడ్‌కు వదిలేశాడా? నాకు ఇప్పటికీ తేలలేదు. అంతలో గాలిలోంచి ఒక దీపం, దాని వెనక ఇంకొకటి, కర్ర కర్రకూ ఆగుతూ వచ్చాయి.

మర్నా కోటు విప్పి పిల్లను లియోనా చేతికిచ్చింది. పిల్ల నిద్రపోతోంది.

"నాన్నా, కర్రల పక్కనే ఏటివైపు వరసగా మొద్దులున్నాయి, అవేంటి?" అంది.

ఎల్వుడ్ నోరు తెరవబోయాడు. నేను వాడికంటే ముందు చెప్పేశాను, లియోనా వినేట్టుగా, డ్రమ్ముతో సహా. లియోనా పిల్లను భుజాన వేసుకుని, "నాలుగోసారి చెప్తున్నాను, దాన్ని లోపల పెట్టు" అంది.

పారతో తవ్వాను. డ్రమ్ము చుట్టూ తిరిగి చూశాను, చేత్తో తడిమాను. గోరంత రంగు పోయింది తప్ప ఎక్కడా సొట్ట పడలేదు. అందులోని ఐసు పగలగొట్టి కరిగించి అందరికీ టీ కాచాం. ఎల్వుడ్ మూడో కప్పు తీసుకుంటూ, ఆదివారం సాక్ష్యాల వేళ ఫ్యాక్టరీ మనిషికి క్షమాపణ ఎవరు చెప్తారని అడిగాడు. చెప్తానన్నాను. పేరు తెలియని మనిషికి ఎలా చెప్పాలో మాత్రం ఆల్విన్ తాతను అడగాలి.