తెగని ఆట

ఒక్క మగ్గం రెండు సంసారాలను సాకలేదని తేలిపోయింది. అన్నదమ్ముల్లో ఒకరు దూరాన మహారాష్ట్రలోని భీవండి బట్టల మిల్లుకు పోవాలి. ‘నువ్వు పో’ అనడానికి అన్న దశరథానికి నోరు రాలేదు. ‘నేను పోను’ అనడానికి బాలమల్లుకూ రాలేదు. చివరికి ఇద్దరూ కలిసి ఆ పాపాన్ని చదరంగం బల్ల మీద పెట్టారు. ఓడినవాడు బస్సెక్కాలి. సుల్తానాబాదు సాలెవాడలో ఇంతకంటే తెలివైన ఉపాయం ఎవరికీ తోచలేదంటే నమ్మాలి మరి.

మిషన్ బడి అబ్రహాం సారును మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. ఆ వాడకట్టు ఆటకు ఒక కట్టుబాటుంది. దీపాలు పెట్టే వేళకు ఆట తెగకపోతే మిగిలిన పావులు లెక్కపెట్టాలి, ఎక్కువున్నవాడిదే గెలుపు. పొద్దున్నే మగ్గమెక్కేవాళ్లు రాత్రంతా ఆడుతూ కూర్చోలేరు గనక పెట్టుకున్న పద్ధతి. ఇద్దరూ సరేనన్నారు.

ఆటలో బాలమల్లు అన్నకు లొంగేవాడు కాదు. ఆ రోజు మాత్రం, మొన్ననే నడక నేర్చిన బిడ్డ కళ్లల్లో మెదులుతుంటే ఒక ఏనుగును ఊరికే పోగొట్టుకున్నాడు. ఇక పని అయిపోయిందనుకున్నప్పుడు ఒక దారి కనపడింది. రెండో ఏనుగును ఎరవేసి, బంటుకు బంటును ఆసరాగా నిలిపి, బల్లకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడ కట్టేశాడు. అన్న బంటులు ఆ గోడకు తలలు ఆనించి ఆగిపోయాయి. మంత్రులూ శకటాలూ గుర్రాలూ అప్పటికే పోయాయి. అన్నకు ఏనుగులు రెండు మిగిలాయి గాని, గోడ అవతల తిరగడం తప్ప వాటికి పని లేదు.

బాలమల్లుకు ప్రాణం లేచొచ్చింది. రాజును ఒక గడి ఇటూ ఒక గడి అటూ జరుపుతూ, “ఇగ రా అన్నా, యాడికెల్లి వస్తవో చూస్త” అని నవ్వాడు కూడా. పాపం, ఆ సంబరంలో కట్టుబాటు మాటే మరిచాడు.

తల్లి చంద్రవ్వ గూట్లో దీపం పెట్టింది. అబ్రహాం సారు పావులు లెక్కపెట్టాడు.

“దశరథం గెలిచిండు.”

“ఎట్ల గెలిచిండు సారూ? గా ఏనుగులు లోపటికి రానే రావు. జర మీరే కూసోని తెచ్చి చూపెట్టుండ్రి!”

సారు నిజంగానే అన్న వైపు కూర్చున్నాడు. మంచి ఆటగాడే. ఏనుగును ఈ మూలకు తిప్పాడు, ఆ మూలకు తిప్పాడు. ఒక బంటును కొట్టి చూస్తే వెనక బంటు ఏనుగును కొట్టింది, గోడ మళ్లీ మూసుకుంది. సారు చెమట తుడుచుకున్నాడు.

“రాదు బాలమల్లూ. వందేండ్లు ఆడినా రాదు. గని లెక్క లెక్కే గద. మీరే ఒప్పుకున్నరు.”

“నేను ఓడిపోలే సారూ!” అన్నాడు బాలమల్లు.

“మల్లొక్కపారి ఆడుదాం తమ్మీ” అన్నాడు దశరథం. అంటూనే గడప దగ్గర నిలబడ్డ తన పిల్లల వంక చూశాడు. ఆ మాట మళ్లీ అనలేదు. బాలమల్లుకు అన్న మీద కోపం రాలేదు, అదే మరీ బాధ. ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే సగం భారమన్నా దిగేది.

లోపలికి పోతే భార్య బాలలక్ష్మి బిడ్డను ఎత్తుకుని ఎదురొచ్చింది.

“ఓడినవా?”

“ఓడలే.”

ఆమె ముఖం విప్పారింది. “గెలిచినవా?”

“గెలువలే.” బాలమల్లు బిడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు. “నా అంగీలు సర్దు. రేపు పోవాలె.”