ఎంగిలి రగతం

గంగులు పడిపోయాడు.

పోటెత్తిన సముద్రంలోకి తెప్ప తోసుకుని పోయే మనిషి, సీసాలో పావు వంతు రక్తమైనా పడకముందే కళ్ళు తేలేసి, తడిసిన వలలాగ బల్ల మీంచి జారిపోయాడు. సూది ఊడొచ్చింది. పడిన కాస్తా పనికిరాకుండా పోయింది. నీలవేణి అతని కాళ్ళు రెండూ ఎత్తి కుర్చీ మీద పెట్టి, మొహాన నీళ్ళు కొట్టి, గోడ మీద గడియారం చూసింది. తొమ్మిదిన్నర. ఆదివారం. రేపు పొద్దున్నే అతని పెళ్ళాం దాలమ్మకి ఆపరేషను.

శ్రీకాకుళంలో గుండె ఆపరేషనంటే, ఆ అరవై ఎనిమిదిలో, ఎవరైనా ముందు నవ్వేవారు, తర్వాత జాలిపడేవారు. డాక్టరు నరసింగరావు గారు మద్రాసులో ఆ పని నేర్చుకొచ్చి, "అంత దూరం పోలేక మనోళ్ళు దార్లోనే పోతున్నారు, ఇక్కడే చేద్దాం" అని భీష్మించుక్కూర్చున్నారు. చిన్నప్పుడు జ్వరాలొచ్చి కీళ్ళు వాచిన పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక గుండెలో ఒక తలుపు బిగుసుకుపోతాది. పక్కటెముకల మధ్య కోసి, కొట్టుకుంటున్న గుండెలోకి వేలు పెట్టి ఆ తలుపు తెరవాలి. వేలైతే డాక్టరు గారి దగ్గరుంది. మిగతావే లేవు. మత్తు డాక్టరు విశాఖపట్నం నుంచి ఆమదాలవలసలో రైలు దిగాలి, ఆయనకి నెలకొక్క సోమవారమే కుదురుతాది. కరెంటు దాని ఇష్టం. గుండె గీతలు గీసే మిషనూ, రక్తం పీల్చే మోటారూ నడపడానికి కాకినాడలో డిప్లొమా చేసిన నీలవేణిని పెట్టుకున్నారు. రక్తం పోగెయ్యడం నా పని కాదని ఆ పిల్ల మూడు నెలలుగా చెప్తూనే ఉంది, పోగేస్తూనే ఉంది.

రెండు సోమవారాలు ఇప్పటికే చేజారిపోయాయి. మొదటిసారి ఇస్తామన్నోళ్ళు బస్సెక్కలేదు. రెండోసారి ఎక్కినోళ్ళ గ్రూపు కలవలేదు. ఈసారి నీలవేణే కళింగపట్నం పోయి, దాలమ్మ చుట్టాలు ఇరవైమంది వేళ్ళు పొడిచి, సరిపడిన ఆరుగుర్ని ఏరింది. తనదీ చూసుకుంది, కలవలేదు. "ఆదివారం కడుపు నిండా తిని రండి" అని ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది. దాలమ్మకి ఇరవై రెండేళ్ళు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. నిన్న దగ్గితే నెత్తురు పడింది. "ఇంకో నెల ఆగదు" అన్నారు డాక్టరు గారు, మరింకేమీ అనకుండా.

గంగులు కళ్ళు తెరిచాడు.

"పొద్దున్న ఏటి తిన్నావన్నా?"

గంగులు మిగతా అయిదుగురి వైపు చూశాడు. అయిదుగురూ కప్పు వైపు చూశారు.

"ఏటీ తిన్నేదు."

"మీరో?"

"నీలైనా ముట్నేదు తల్లీ," అన్నాడు దాలమ్మ మేనమామ సూరయ్య, అదేదో ఘనకార్యమైనట్టు.

గుమ్మంలోంచి దాలమ్మ అత్త కూర్మమ్మ అందుకుంది. "నానే తినొద్దన్నాను. ఆదోరం, అరసవల్లి సామి రోజు. పేనం నిలబెట్టడానికి ఇచ్చినది తినీసి ఇస్తారేటే? సామికి పెట్టకుండా మనం తింతామా? తినీసి ఇస్తే అది ఎంగిలి రగతం."

"ఇది నైవేద్యం కాదమ్మా!"

"మరేటి?"

డిప్లొమా పరీక్షల్లో ఈ ప్రశ్న రాలేదు. "నూనె లేకుండా మోటారు తిప్పితే కాలిపోదా? ఒళ్ళూ అంతే," అంది నీలవేణి.

"మా తెప్పకి మోటారు నేదు కదేటి," అన్నాడు సూరయ్య, చాలా మర్యాదగా.

డాక్టరు గారు వచ్చి చూశారు. "తినకపోతే ఒక్కరికీ సూది వెయ్యను. నీలవేణీ, నువ్వు చూసుకో," అని వెళ్ళిపోయారు. ఈ ఆస్పత్రిలో 'నువ్వు చూసుకో' అని ఒక డిపార్టుమెంటుంది. అందులో ఉద్యోగి ఒక్కర్తే.

ఆ ఉద్యోగి ఎదురు హోటలుకి పరిగెత్తి రెండు పొట్లాల ఇడ్లీలు తెచ్చి బెంచీ మీద విప్పింది. ఎవరూ ముట్టలేదు. అందరికంటే చిన్నోడు అప్పలసూరి ఒక్కడు చెయ్యి చాపబోయి, కూర్మమ్మ చూపు తగిలి, ఆ చేత్తో మెడ గోక్కున్నాడు.

"రేపు మీ కోడలు బల్ల మీదుంటే సీసాలో సముద్రం నీళ్ళు పోసి ఎక్కించమంటావా?"

"నోరు కడుక్కోయే గుంటా! మంచిమాట ఆడ్డం రాదేటి నీకు?"

పదకొండైంది. ఇడ్లీలు బిగుసుకుపోయాయి. ఈ సోమవారం కూడా పోయిందని చెప్పడానికి నీలవేణి వార్డులోకి నడిచింది. దాలమ్మ మూడు దిళ్ళకి ఆనుకుని కూచుని అంతా విని, నవ్వబోయి దగ్గింది.

"నన్ను... ఆలకాడికి తీసుకుపో."

నీలవేణి చక్రాల కుర్చీలో కూచోబెట్టి తోసుకొచ్చింది. దాలమ్మ కాసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"మావా. సిన్నప్పుడు నాకన్నం ఎవులు పెట్టినారు?"

"నానే," అన్నాడు సూరయ్య.

"ఏ కంచంలో?"

"నా కంచంలోనే. ఏటకెల్లొచ్చి తింతంటే పక్కన సేరీదానివి. సేప ముక్కంతా నీకే పోయీది."

"అది ఎంగిలి కాదేటి?"

సూరయ్య బెంచీ మీది ఇడ్లీల వైపు చూశాడు.

"ఆ ఎంగిలితోటే ఈ ఒళ్ళు పెరిగింది. ఇప్పుడు కొత్తగా నాకు మడేటి?" మళ్ళీ ఊపిరి కోసం ఆగింది. "అత్తా, నువ్వు మొక్కినావు, మంచిదే. నాకు మాత్రం ఎంగిలిదే కావాల."

కూర్మమ్మ కోడలి మెడ దగ్గర ఎగిరెగిరి పడుతున్న నరాన్ని చూసింది. తర్వాత ఒక ఇడ్లీ తుంపి కొడుకు నోట్లో కుక్కింది. "తిను, సచ్చినోడా. ఆడపిల్ల సేత అనిపించుకున్నావు."

రెండు పొట్లాలు చాలలేదు. నీలవేణి ఇంకో మూడు తెచ్చింది. తిన్నాక రెండు గంటలు ఆగి, సాయంత్రంలోగా అయిదు సీసాలు నింపి, పేర్లు రాసి ఫ్రిజ్జులో పెట్టారు. గంగులు మళ్ళీ ఇస్తానని పేచీ పెడితే బయటకి నెట్టాల్సొచ్చింది.

సోమవారం మత్తు డాక్టరు వచ్చారు. కరెంటు కూడా వచ్చింది. నీలవేణి మిషను గీతల మీంచి కళ్ళు తిప్పకుండా నిలబడింది. డాక్టరు గారి వేలు గుండెలోకి దిగినప్పుడు ఆ గీతలు చిందరవందరై, మళ్ళీ సర్దుకున్నాయి. "తెరుచుకుంది," అన్నారాయన. అయిదు సీసాల్లో పట్టింది ఒక్కటి. ఇంత గొడవా ఒక్కదానికా అని నీలవేణికి ఒళ్ళు మండింది. "మిగతా నాలుగూ ఫ్రిజ్జులో ఉన్నాయనే నేను వేలు పెట్టగలిగాను," అన్నారు ఆయన చేతులు కడుక్కుంటూ.

వరండాలో ఆరుగురూ చుట్టుముట్టారు.

"బతికింది," అంది నీలవేణి. గంగులు గోడకి తల ఆన్చి ఏడ్చాడు. మిగతావాళ్ళు ఒక్క నిమిషం ఆగారు, అంతే.

"ఎవులిది ఎక్కినాది?"

"అప్పలసూరిది."

"ఈడిదా!" సూరయ్య మొహం వాడిపోయింది. "మేనమామని నానుండగా? మరి మాది ఊరికే లాగేసినారేటి?"

"ఊరికే కాదు మావా. మూడు వారాలు ఆగుతాది. ఇదే వార్డులో ఉన్న గజపతినగరం రైతు కూతురికీ ఇదే గుండె జబ్బు, ఇదే గ్రూపు. ఆ పిల్లకి ఎక్కిద్దాం. నెల ఆగకుండా ఆ లోపలే రమ్మని మత్తు డాక్టరుని బతిమాలతాను."

సూరయ్య ఆమెని ఎగాదిగా చూశాడు.

"మాకేటి, ఇచ్చీసినాం, ఎవులికైనా ఎక్కించు. మా సేతి నీలు తాగనోలు మా రగతం పుచ్చుకుంతారా? అది అడుగు ముందల."

గజపతినగరం రైతు వార్డు గుమ్మంలోనే ఉన్నాడు, కూతురి మందుల చీటీ పట్టుకుని. అంతా విన్నట్టే ఉంది. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"అమ్మాయ్, ఆ సీసాల గురించి నీతో ఒక మాట."

ఆ మాటేటో నీలవేణికి తెలుసు. ఫ్రిజ్జు తాళం చేతిలో బిగించి పట్టుకుని, ఆయన వైపు నడిచింది.