సొరకాయ అని చెప్పిన కూర

తప్పులుంటే సర్దుకుని చదవండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతుంది. రాతా నత్తనడకే. దానికి తోడు కోపం, కలం కాగితాన్ని చింపుతోంది.

మా బావగారింట్లో మేడ మీద గదిలో ఉండేవాళ్లం. పొయ్యి మాత్రం కింద ఒక్కటే, అది మా తోటికోడలిది. ఇంకొకరు అక్కడ గరిటె పట్టకూడదు. మా ఆయన పోయాక నేను చంటి కొడుకుని వెంటేసుకుని పొద్దస్తమానం బట్టల దుకాణంలో కుట్టుమిషన్ తొక్కుతుంటే, నా కూతురికి అన్నం కలిపి పెట్టి పెంచింది ఆవిడే. అది కాదనను.

నా కొడుక్కి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. తమ్ముడికి నాది ఇస్తానని కూతురు ముందుకొచ్చింది. పరీక్షలన్నీ కుదిరాయి. దాని ఒళ్లు తగ్గితే తప్ప ఆపరేషన్ చెయ్యనన్నాడు డాక్టరు.

అప్పట్నుంచి అది ముద్ద ముద్దకీ క్యాలరీలు లెక్కేసుకునేది. మనం వండుకున్నదైతే తెలుస్తుంది, ఒకరు వండి పెట్టినదాన్ని ఎలా లెక్కెయ్యాలి? పిడికిలంత అన్నం, అరచెయ్యంత మాంసం అని కొలత నేర్పారట ఆసుపత్రిలో. తిన్నాక కంచం వంచి, జారే నూనె చూడమన్నారు. అన్నిటికంటే ముందు, వండినవాళ్లని అడగమన్నారు.

అది రోజూ అడిగేది. "ఈ కూర ఇంత చిక్కగా ఉందేం పెద్దమ్మా?"

"సొరకాయ రుబ్బి పోశానే. నీళ్లతో సమానం, తిను."

పాపం, ఫోన్లో రాసుకునే లెక్కలో సొరకాయ అనే వేసుకునేది. కంచం వంచితే నూనె చుక్క జారేది కాదు. కడుపు మాడ్చుకుని, మెట్లెక్కి దిగి ఎంత పాటుపడ్డా తూకం ముల్లు కదల్లేదు. దొంగతనంగా తింటున్నావా అని డాక్టరు అడిగితే ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు డయాలసిస్ నుంచి వచ్చి అక్క మొహం చూసి, వద్దులే అన్నాడు. ఆపరేషన్ వాయిదా పడింది.

ఓ రోజు దుకాణంలో కరెంటు పోతే తొందరగా ఇంటికొచ్చాను. వంటగది తలుపు తీసే ఉంది. మా తోటికోడలు మిక్సీలోంచి జీడిపప్పు ముద్ద గీకి కూరలో వేస్తోంది. పక్కనే మీగడ గిన్నె. పైకి తేలిన నూనెని గరిటెతో తీసి పారబోస్తోంది, కంచంలో కనబడకుండా. సొరకాయ తొక్క కూడా లేదక్కడ.

ముద్దు కొద్దీ చేసిందనుకున్నాను. ఆ మాటే అడిగితే తల కూడా తిప్పలేదు.

"వాడికి రక్తం కడగడానికి మిషనుంది. దీన్ని కోస్తే దీనికేం దిక్కు? వాణ్ణి నువ్వు కన్నావు, దీన్ని నేను పెంచాను. నాదాన్ని నేను కాపాడుకుంటాను."

నా కొడుకు వారం వారం సూదులు పొడిపించుకుంటుంటే, ఈవిడ గరిటెతో తీర్పు చెప్పేసింది. నా నోటికొచ్చినవన్నీ ఇక్కడ రాయను. ఆ గొడవకి కూతురు కిందికి దిగొచ్చింది. మిక్సీ చూసింది, గిన్నె చూసింది. అరవలేదు.

"పెద్దమ్మా, భయమేస్తే వద్దని నా మొహం మీద చెప్పాల్సింది. నా కంచంలో పెట్టి చెప్తావా? డాక్టరు దొంగదాన్నన్నాడు నన్ను. నీ చేతి ముద్ద అనే నమ్మాను."

మా తోటికోడలు గరిటె కింద పెట్టి పొయ్యి ఆపేసింది. జాలేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు.

వారం తిరక్కుండా ఆసుపత్రికి దగ్గర్లో గది తీసుకున్నాం. ఇక్కడ పొయ్యి నాది. కూతురు పక్కన నిలబడి చెంచాతో నూనె కొలిచి ఇస్తుంది, నేను వేస్తాను. ముల్లు దిగుతోంది. నిన్న ఆవిడ బావగారి చేత డబ్బా పంపింది, ఈసారి నిజంగా సొరకాయేనట. మూత తియ్యకుండా తిప్పి పంపాను. కూతురు ఆ డబ్బా వంక చూసింది కానీ ఆపలేదు.

ఇట్లు,
అందరూ కుట్లమ్మ అని పిలిచే నేను. అరవై ఆరేళ్లు. ఆసుపత్రి వెనక సందు, మందుల కొట్టు మీది గది.