తేదీ మార్చని జవాబు

మా పురపాలక కార్యాలయంలో నా పని జవాబులు రాయడం. రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఏ ఉత్తరం వచ్చినా "విషయం పరిశీలనలో ఉన్నది" అని ఒకటే జవాబు. కంప్యూటర్లో పాత కాగితం తెరవడం, తేదీ మార్చడం, ఛైర్మన్ గారి చేత సంతకం పెట్టించడం. పదకొండేళ్లుగా ఈ విద్యతోనే నెట్టుకొస్తున్నాను. గొప్పలు చెప్పుకోవడం కాదు గానీ, ఏమీ చెప్పని ఉత్తరం నా అంత చకచకా రాసేవాడు ఆ భవనంలో లేడు.

పట్టణ గ్రంథాలయం కూడా అదే భవనంలో, పై అంతస్తులో ఉండేది. ఇరవై నాలుగు మెట్లు. మా అక్క ప్రమాదంలో కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీలోకి మారి ఆరేళ్లయింది. అప్పట్నుంచి తను ఆ గది మొహం చూడలేదు. వారానికి రెండు పుస్తకాలు నేనే తెచ్చి ఇచ్చేవాణ్ణి.

గ్రంథాలయం అందరూ వెళ్లగలిగే చోట ఉండాలని రాష్ట్రం చట్టం చేసి నాలుగేళ్లయింది. కింద గ్రంథాలయానికి సరిపోయేంత పెద్ద గది ఒక్కటే ఉంది. అందులో ఛైర్మన్ గారు కొలువుతీరారు. మన ఊరి సంగతి ఎక్కడో కూర్చున్నవాళ్లు చెప్పాలా అని ఆయన వాదన. నేను తలూపాను. తలూపడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

ఈ వేసవిలో ఆఖరి నోటీసు వచ్చింది. ముప్పై రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే రాష్ట్రమే నేరుగా చట్టాన్ని అమలు చేస్తుందట. ఎప్పటిలాగే పాత కాగితం తీసి పంపేశాను. తేదీ మార్చడం మరిచిపోయాను. దాంతో, ఆ నోటీసు పుట్టకముందే, ఏడాది క్రితమే దానికి జవాబిచ్చిన ఘనత మాకు దక్కింది.

గడువు దాటిన మర్నాడు రాష్ట్రం నుంచి ఒక అధికారిణి వచ్చింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. నా జవాబులన్నీ ఛైర్మన్ గారి బల్ల మీద వరసగా పరిచింది. దీన్ని జవాబుగా తీసుకోలేమని చెప్పి, గది మార్చే ఉత్తర్వు ఆయన చేతిలో పెట్టింది. కింద ఉన్న సంతకాలు తనవేనన్నది మరిచి, ఇవి రాసిందెవరని ఆయన పళ్లు నూరుతుంటే, నేనేనని ఒప్పుకున్నాను. అప్పుడే ఆమె ఫైలులో ఫిర్యాదు కాగితాలు కనిపించాయి. అన్నీ మా అక్క దస్తూరీయే. ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ నాలుగేళ్లుగా తను అడుగుతోంది, నేను దాటేస్తున్నాను.

నాకెందుకు చెప్పలేదని ఇంటికెళ్లి అడిగాను.

"చెబితే నీ ఉద్యోగానికి చిక్కు కదరా," అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను.

గది మారింది. ఛైర్మన్ గారు ఇప్పుడు ఆయాసపడుతూ మెట్లెక్కి, డాక్టరే నడవమన్నాడని అందరికీ చెప్పుకుంటున్నారు. నా మీద కోపం కూడా మెట్లమీదే కరిగినట్టుంది.

మొదటిరోజు అక్కను నేనే తీసుకెళ్లాను. గుమ్మం దగ్గర కుర్చీ నెట్టబోతే చెయ్యి తీసేయమంది. తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్లింది. నేను ఆరేళ్లు మోసుకొచ్చిన కుటుంబ నవలల అల్మారా దగ్గర ఆగుతుందనుకున్నాను. అటు చూడనైనా చూడలేదు. నక్షత్రాల గురించిన లావుపాటి పుస్తకం ఒకటి తీసి ఒళ్లో పెట్టుకుంది. తన మొహం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

"ఇలాంటివి ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదేం అక్కా?"

"అన్ని మెట్లెక్కి తెచ్చేవాడివి. మళ్లీ ఏరి తెమ్మని ఎలా చెప్పనురా?"

నాలుగేళ్లు ప్రభుత్వం వెంటపడిన మనిషి, తమ్ముణ్ణి ఒక్క పుస్తకం అడగడానికి మొహమాటపడింది.