మా ఆయన నడక

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. పొద్దున తొమ్మిదింటికి కంటికి భూతద్దం తగిలించుకుని కుర్చీలో కూలబడితే భోజనానికి తప్ప లేవరు. నేను ఆసుపత్రిలో నర్సుని. ముప్పై మంచాల వార్డు, ఆ చివర మందుల గది, ఈ చివర నీళ్ల కుళాయి. నా మోకాళ్లు ఎందుకు నొప్పో ఇంతకంటే వివరం అక్కర్లేదనుకునేదాన్ని, ఆ రెండు పట్టీలు ఇంటికొచ్చేదాకా.

అవి చేతికి కట్టుకుంటే అడుగులు లెక్కపెట్టే నల్ల రబ్బరు పట్టీలు. వాటికి ముఖం లేదు, ముళ్లు లేవు. పట్టీ తనకు కలిపిన ఫోన్ దగ్గరికి వచ్చినప్పుడే లెక్క యాప్‌లో పడుతుంది. దుకాణంవాడు కలిపిస్తానంటే మా ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ముప్పై ఏళ్లుగా గడియారాలు విప్పుతున్నాను, ఇదో లెక్కా" అని ఇంటికి తెచ్చి, రెండింటినీ బల్లమీద పక్కపక్కన పడేసి, తనే మా ఫోన్లకు కలిపారు.

మొదటిరోజు సాయంత్రం నేను గడపలో చెప్పులు విప్పుతుంటే ఆయన ఫోన్ మోగింది. పదిహేడు వేల అడుగులు. నాది చూస్తే తొమ్మిది వందల నలభై.

"కుర్చీలోంచి లేవకుండా అన్ని ఎలా వేశారండీ?"

"లేస్తూనే ఉంటాను. నువ్వేమైనా చూడొచ్చావా?"

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి రికార్డుల గదిలో కుర్చీ పని ఒకటి ఖాళీ అయింది. శనివారంలోగా దరఖాస్తు పెట్టుకోవాలి. నేను రాసి బీరువాలో దాచుకున్న కాగితం ఆయన కంటపడింది.

"రోజుకి వెయ్యి అడుగులైనా వెయ్యవు, ఇంకా కుర్చీ కావాలా? నడవకే నీ కీళ్లు బిగుసుకుపోతున్నాయి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒళ్లు మండింది. కానీ ఇన్నేళ్లూ రోగి నుదుటిని కాదు, థర్మామీటరులో అంకెను నమ్మినదాన్ని. నిజంగానే నేను పనిదొంగనా అని నాకే అనుమానం వచ్చింది. ఆ రాత్రి ఏడ్చాను కూడా. మర్నాడు కాగితం చింపేసి, డ్యూటీ అయ్యాక పార్కు చుట్టూ కుంటుతూ తిరగడం మొదలుపెట్టాను. నా అంకె మాత్రం కదల్లేదు. ఆయనది ఇరవై ఒక్క వేలకు చేరింది. మెట్లమీద కనబడిన వాళ్లందరికీ నడక గురించి సలహాలు పంచుతున్నారు.

శుక్రవారం రాత్రి డ్యూటీకి రావాల్సిన అమ్మాయి రాలేదు. నేనే ఉండిపోయి శనివారం పొద్దున ఇల్లు చేరాను. ఆయన ఫోన్ పట్టుకుని చిరాగ్గా కూర్చున్నారు.

"నిన్నట్నుంచీ ఇది చచ్చింది. వీధి చివరిదాకా నాలుగుసార్లు తిరిగొచ్చినా ఒక్క అడుగూ పడలేదు."

నేను గడప దాటాను. ఆయన ఫోన్ మోగింది. నిన్నటి లెక్క, ఇరవై తొమ్మిది వేలు.

గడియారంలో తప్పు దొరికితే ఆయన భూతద్దం తీసి పక్కన పెడతారు. ఇప్పుడు కళ్లజోడు తీశారు. ఫోన్ చూశారు, నా చేతికున్న పట్టీ చూశారు. తర్వాత చాలాసేపు నా వాచిన పాదాలే చూశారు.

"ఇవి నీవి," అన్నారు.

"ఏవి?"

"అన్నీ. ఆ కాగితం ఏది?"

"చింపేశాను."

నన్ను పడుకోమని, చీమతలకాయంత అక్షరాలతో దరఖాస్తు ఆయనే రాశారు. నాచేత సంతకం పెట్టించుకున్నారు. బస్సు ఎక్కండంటే వినకుండా ఆసుపత్రికి నడిచే వెళ్లారు.

తలగడ పక్కన ఫోన్ మోగితే మెలకువ వచ్చింది. మధ్యాహ్నమైంది. ఆయన గడపలో నిలబడి చెమట తుడుచుకుంటున్నారు. నా ఫోన్‌లో ఇలా ఉంది: "శభాష్. ఈరోజు మీరు ఎనిమిది వేల అడుగులు నడిచారు."

నేను మంచం దిగితే ఒట్టు.

"ఇచ్చేశాను," అన్నారాయన ఆయాసపడుతూ. "ఆఖరిరోజున తెస్తారేమని అడిగారు. తప్పు నాదేనని చెప్పాను. ఫోన్ ఇటివ్వు, పట్టీలు తారుమారుగా కలిపాను, సరిచేస్తాను."

"వద్దు. ఇన్నాళ్లూ సొమ్మొకరిది, సోకొకరిది. కొన్నాళ్లు నన్నూ సోకు చెయ్యనివ్వండి," అని దుప్పటి పైకి లాక్కున్నాను.

ఆయన చెమట తుడుచుకోవడం ఆపారు.

"పదివేలకి ఇంకెంత తక్కువ?"

"రెండు."

మళ్లీ చెప్పులు వేసుకున్నారు.