కుర్చీ ముందు మూగబోయిన నోరు

ఉర్దూ మాట్లాడడంలో మా దేవరకొండ తాలూకాలో నన్ను మించినవాడు లేడు. నేను సలాం చెబితే సాహెబుల గుర్రాలు కూడా బదులిచ్చేవి. అందుకే పాఠకులారా, ఈ పరీక్ష సంగతి నేనే చెప్పాలి. కోపం లేకుండా చెప్పడం మాత్రం నాకు చేతకాదు.

నిజాం పాలనలో మా ఊరి బడి చదువంతా ఉర్దూలోనే. గొర్రెలు కాచే జానయ్య కొడుకు ఐలేశానికి ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. ఆ ఏడు తనిఖీ సాహెబు వచ్చి పిల్లల చేత మాట్లాడించి చూస్తానన్నాడు. మాట్లాడలేనివాడి పేరు బడి పట్టీలోంచి కొట్టేస్తారు. అలా కొట్టేసిన పిల్లవాణ్ణి పశువుల దగ్గర జీతగాడిగా తోలుకుపోదామని దొర మనిషి గోపయ్య బడి గోడకు ఆనుకొని చుట్ట కాలుస్తున్నాడు.

పొద్దున గుర్రానికి నీళ్లెక్కడని సాహెబు బంట్రోతు అడిగితే, బావి దారీ, అక్కడి కరిచే కుక్క సంగతీ ఐలేశమే ఉర్దూలో గడగడా చెప్పాడు. అదే ముచ్చట తనను బడికి తెచ్చిన అవ్వ గుర్వమ్మకు తెలుగులో చెప్పి నవ్వించాడు. పక్కనే ఉన్న నాకు అర్థమైంది ‘పానీ’ ఒక్కటే. నా ఉర్దూ అంతే. గుర్రాలు బదులిచ్చింది గడ్డి కోసం.

లోపల సాహెబు కుర్చీలో కూర్చొని మేక బొమ్మ చూపి ఇదేమిటని అడిగాడు. ఐలేశం తల వంచి కాలి బొటనవేలితో నేల గీకాడు. మళ్లీ అడిగినా పెదవి కదలలేదు.

“ఏందిరా, సాహెబు మింగుతడా?” గోపయ్య కిటికీలోంచి నవ్వాడు. “ఆయన మింగకుంటే నేను తోల్కపోత.”

వీడికి ఏ భాషా రాదని సాహెబు తేల్చేశాడు.

“నీ మనుమడు మూగోడా అవ్వా?” అన్నాడు బడి పంతులు వెంకటయ్య, గుమ్మం దగ్గరున్న గుర్వమ్మతో.

“మూగోడు గాదు పంతులూ. కుర్సీల కూసున్నోల్ల ముందట నోరు తెరువొద్దని మేమే నేర్పినం. వాని నాయిన ఒక్కపారి తెరిచిండు, దొర గడీల పండ్లు రాలగొట్టిండ్రు. గీ ముచ్చట జర సాహెబుకు చెప్పు.”

అంతలో ఒక మేక లోపలికొచ్చి సాహెబు టోపీ కుచ్చు పట్టుకుంది. ఐలేశం భయం మరిచి సాహెబును ఉర్దూలో హెచ్చరించాడు, మేకను తెలుగులో తిట్టాడు. సాహెబు నవ్వి పేరు ఉంచేశాడు.

ఆ మేకను నేనే పుట్టించాను. బడిలోకి ఏ మేకా రాలేదు. అవ్వ మాట సాహెబుకు చెప్పడానికి పంతులు నోరూ పెగల్లేదు, ఆయనకూ కుర్చీ అంటే భయమే. గోపయ్య చుట్ట పారేసి ఐలేశం రెక్క పట్టుకున్నాడు.

కొట్టి నోరు మూయించిన రాజ్యమే, వీడికి మాట రాదని తీర్పు చెబితే అది పరీక్ష కాదు, దౌర్జన్యం.